తరువాత ఏమున్నది?

మన దేశమునకు స్వాతంత్ర్యము వచ్చిన కథను వ్రాయువారు పత్రికలకు గొప్ప స్థానము నిత్తురు. అది న్యాయమే. ఆ కథలో సంపాదకు లుందురు, అచ్చుకూటము లుండును, న్యాయస్థానములును చెరసాలలును ఉండును. కాని పత్రిక చేరిన యింటిలో తలుపుచాటున నిలిచి విన్న స్త్రీ మాత్రము కానరాదు. చందాదారుల పట్టికలో ఆమె పేరు లేదు. 1901వ సంవత్సరపు జనాభా లెక్కలనాటికి మన దేశమున నూటికి ఒక్క స్త్రీయైనను చదువ నేర్చినది కాదు. ఐనను ఆ తరమువారే ఇరువదియేండ్లు గడచునంతలో రాట్నము త్రిప్పిరి, విదేశీవస్త్రములను విడిచిరి, కొందరు చెరసాలలకును పోయిరి. అక్షరము రానివారికి దేశమను మాట యెట్లు తెలిసెను?

ఈ ప్రశ్నకు నాకు దొరికిన సమాధానము మా నాయనమ్మ. ఆమె నాకు చెప్పిన యొక సంగతిని, అది చెప్పవలసివచ్చుటకు కారణమైన నా తప్పును ఇచ్చట వ్రాయుచున్నాను.

అది 1962వ సంవత్సరము. నాకు తొమ్మిదవ యేడు. బందరుకు కొలది మైళ్ల దూరమున నున్న పల్లెలో మా యిల్లు. నాయనమ్మకు కన్నులలో శుక్లములు ముదిరి అక్షరము ఆనకుండెను. అంతకు పూర్వము దినపత్రికను మొదటి పుట మొదలు కడపటి పుటలోని ధరలదాక విడువక చదివిన మనిషి యామె. చూపు తగ్గిన పిదప ఆ పని నాపై బడెను. సాయంకాలము బడినుండి వచ్చి, కాళ్లు కడుగుకొని, వసారాలో ఆమె ప్రక్కన కూర్చుండి గట్టిగా చదువవలెను. ఆమె యొడిలో ప్రత్తి యుండును. వినుచు దీపపు వత్తులు చేయును. నేను తడబడిన చోట ఆమె వ్రేళ్లు ఆగును. నేను సరిదిద్దుకొనగనే మరల కదలును. పత్రిక ముగియునప్పటికి పళ్లెము వత్తులతో నిండును.

ఆ యేడు అక్టోబరు 20వ తేదీని చీనా సైన్యములు మన సరిహద్దులపై బడెను. మా చిన్నబాబాయి సైన్యములో నుండెను. ఆతనిని ఈశాన్యపు సరిహద్దునకు పంపినట్లు కడపటి యుత్తరమువలన తెలిసినది. తరువాత ఉత్తరము లేదు. తవాంగు శత్రువుల వశమైనదను వార్త విన్ననాడు నాయనమ్మ రాత్రి అన్నము ముట్టలేదు. మరునాడు మా యమ్మ నన్ను వంటయింటిలోనికి పిలిచి, "చూడమ్మా, పెద్ద ప్రాణం. ఓడిపోయారు, చచ్చిపోయారు అని ఉంటే అది చదవకు. దాటేసి కింది వార్త చదువు" అని చెప్పెను. అమ్మ మాటలో దయయే కాని కపటము లేదు. నాకును అది బాగుగనే తోచెను. చదువవలసినది తగ్గును గదా!

నవంబరు మూడవ వారము దాటినంతనే బొమ్డిలా పోయినదను వార్త పెద్ద యక్షరములతో వచ్చెను. నేను దానిని విడిచితిని. దాని క్రిందిదియు విడిచితిని. రక్షణనిధికి స్త్రీలు తమ బంగారము నిచ్చిన వార్తయు, ధాన్యపు ధరలును చదివి, "అయిపోయింది నాయనమ్మా" అంటిని.

ఆమె పళ్లెములో చేయి పెట్టి తడిమి చూచెను.

"వత్తులు సగమైనా కాలేదు. అప్పుడే పత్రిక అయిపోయిందిటే?"

నేను మాటాడలేదు.

"ఎవరు దాటెయ్యమన్నారు? మీ అమ్మేనా?"

నాకు ఏడుపు వచ్చెను. ఆమె కోపపడలేదు. నన్ను దగ్గరకు తీసికొని, "ఏడవకు. నీ ఈడు పిల్లవాడి చేత మా అత్తగారు ఒకనాడు ఒక మాట అడిగించింది. అది చెబుతాను విను. ఆ తరువాత మిగిలింది చదువుదువుగాని" అనెను.

నాయనమ్మ 1905 ప్రాంతమున పుట్టినది. నాటి యాచారము చొప్పున పసితనముననే పెండ్లియై, 1919లో కాపురమునకు వచ్చినది. ఆ యింటికి వారమున కొకసారి బందరునుండి కృష్ణాపత్రిక వచ్చెడిది. ఊరంతటికి అది యొక్కటే ప్రతి. తపాలా బంట్రోతు తెచ్చిన పత్రికను మామగారు ముందుగా తాము చదువుకొనెడివారు కారు. దీపములు పెట్టినవేళ వీథియరుగుపై లాంతరుంచి, పదిమందియు చేరిన పిదపనే పైకాగితమును చింపెడివారు. కరణముగారు, బడిపంతులుగారు, నలుగురు రైతులు అరుగుపై కూర్చుందురు. సాలెవారును పాలేర్లును వీథిలో నిలిచి విందురు. ఈ భేదమును నాయనమ్మ నాయొద్ద దాచలేదు. "పత్రిక అందరిదీ అనేవాళ్లు, అరుగు మాత్రం కొందరిదే" అనెను. ఇక స్త్రీలకు అరుగును లేదు, వీథియును లేదు. వీథితలుపు వెనుక నడవలో చీకటిని గోడకు జేరబడి నిలిచెడివారు. మొదట తాను వార్తలకై నిలువలేదనియు, అత్తగారు నిలిచినది గనుక నిలిచితిననియు ఆమె నవ్వుచు చెప్పెను.

ఆ కాలపు పత్రికలను గూర్చి నాయనమ్మ చెప్పినది కొంత, పెద్దదాననైన పిదప నేను చదివి తెలిసికొన్నది కొంత. రెంటిని కలిపి చెప్పుదును.

కృష్ణాపత్రిక 1902లో బందరులో పుట్టెను. కొండా వెంకటప్పయ్యగారును దాసు నారాయణరావుగారును దాని స్థాపకులు. 1907 మొదలు 1945లో కీర్తిశేషులగువరకు ముట్నూరి కృష్ణారావుగారు దాని సంపాదకులు. 1907లో బిపినచంద్రపాలుగారు వంగదేశమునుండి వచ్చి మన పట్టణములలో ఉపన్యసించి వందేమాతర నినాదమును మ్రోగించిరి. ఆ యుపన్యాసములను వేలకొలది జనులు వినిరి. కాని యుపన్యాసము ఆ సాయంకాలముతో ముగియును. వక్త రైలెక్కి పోవును. పత్రిక యట్లు కాదు. అది వారము వారము వచ్చి తలుపు తట్టును. నిన్న విన్నదానికి నేడు విన్నది ముడిపడును. అట్లు ముడిపడుటచేతనే ఎచ్చటిదో వంగదేశము, ఎచ్చటిదో పాంచాలము మన యింటి సంగతులైనవి.

ఆ పత్రికలు ఎంత చిన్నవిగా మొదలైనవో తలచిన ఆశ్చర్యము కలుగును. 1878 సెప్టెంబరు 20వ తేదీని చెన్నపట్టణమున ఆరుగురు యువకులు, జి. సుబ్రహ్మణ్యయ్యరుగారు ముందుండగా, హిందూ పత్రికను వెలువరించిరి. ఒక భారతీయుని ఉన్నత న్యాయస్థానమున న్యాయమూర్తిగా నియమింపగా తెల్లవారి పత్రికలు ఆక్షేపించినవి. దానికి బదులు చెప్పుటకు తమకొక పత్రిక లేదని వారి బాధ. ఒక రూపాయి పండ్రెండణాలు అప్పు తెచ్చి మొదటి సంచికను అచ్చొత్తించిరి. అచ్చైనవి 80 ప్రతులు. మన యింట పెండ్లి యైనచో శుభలేఖలే అంతకంటె నెక్కువ అచ్చు వేయింతుము!

ఇంత చిన్న పత్రికలకు అంత పెద్ద ప్రభుత్వ మేల భయపడెను? ఆ యేడే మార్చి నెలలో లిట్టను ప్రభువు దేశభాషా పత్రికలపై ఒక చట్టమును ఒక్కదినమున ఆమోదింపజేసెను. అది ఇంగ్లీషు పత్రికలకు వర్తింపదు. మన భాషలలోని పత్రికలకే సంకెల. ఇందలి మర్మమును ఆలోచింపుడు. ఇంగ్లీషు పత్రికను చదువనేర్చినవాడు చదివి మడిచి పెట్టును. దేశభాషలోని పత్రికను ఒకడు చదివినచో ఏబదిమంది విందురు. చదువువాని లెక్క ప్రభుత్వమున కున్నది. వినువారి లెక్క దాని చేతిలో లేదు. ప్రభుత్వము భయపడినది వినువారికే యని నాకు తోచును.

ఆ చట్టము వచ్చిన వెంటనే వంగదేశమున ఘోషు సోదరులు తమ అమృతబజారు పత్రికను పూర్తిగా ఇంగ్లీషులో వెలువరించి దాని కోరలనుండి తప్పించుకొనిరి. ఆ పేరు వినగా బజారు పత్రిక యేమిటని చిన్నతనమున నవ్వుకొంటిని. వారు తమ గ్రామమున కట్టించిన బజారునకు తమ తల్లి అమృతమయీదేవి పేరు పెట్టుకొనిరి. ఆ పేరే పత్రికకును వచ్చినది. దేశమునందంతట ప్రసిద్ధికెక్కిన పత్రిక పేరున ఒక తల్లి పేరున్నదని తెలిసిన పిదప ఆ నవ్వు పోయినది. ఆ చట్టమును 1882లో రిప్పను ప్రభువు కాలమున రద్దు చేసిరి.

కాని సంకెలలు పోలేదు, మారినవి. 1908లో కేసరి పత్రికలోని వ్రాతలకు బాలగంగాధర తిలకుగారికి ఆరేండ్ల శిక్ష విధించి మాండలే చెరకు పంపిరి. అది విని బొంబాయి మిల్లుల కార్మికులు ఆరు దినములు పని మానిరి. వారిలో కేసరిని తాము చదువగలవా రెందరుందురు? ఎవరో చదువగా విన్నవారే గదా ఎక్కువమంది! ఆ యేడే బెజవాడలో స్వరాజ్యపత్రికలోని వ్రాతకు గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు రాజద్రోహ నేరముపై చెరసాలకు పోయిరి. ఆ యేడే సెప్టెంబరులో కాశీనాథుని నాగేశ్వరరావుగారు బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించిరి. 1914 ఏప్రిలులో అది చెన్నపట్టణమున దినపత్రిక యయ్యెను. తలనొప్పికి మనము రాచుకొను అమృతాంజనము ఆయనదే. ఆ పచ్చని మందు సంపాదించిన ధనము ఆ పత్రికను పోషించినది. మన యింటి గూటిలోని చిన్న సీసాకును దేశోద్యమమునకును ఇట్టి చుట్టరికమున్నది.

1910లో మరియొక చట్టము వచ్చెను. అచ్చుకూటమువారు 500 మొదలు 2,000 రూపాయలవరకు ధరావతు కట్టవలెను. ప్రభుత్వమునకు నచ్చని వ్రాత కనబడినచో ఆ ధనమును జప్తు చేయుదురు. తిరిగి అచ్చు మొదలిడవలెనన్న 10,000 రూపాయలదాక అడుగవచ్చును. నాడు అయిదువందల రూపాయలనిన సామాన్య కుటుంబము కొన్నియేండ్లు గడుపుకొను సొమ్ము. ఒక్క వాక్యము వ్రాయుటకు ముందు సంపాదకుడు ఆ సొమ్మును తలచుకొనవలెను. వ్రాసినది చెప్పుట యొక విద్య. వ్రాయలేనిది పాఠకునకు తెలియునట్లు చేయుట మరియొక విద్య. అరుగుపై చదువువారును ఆ రెండవ విద్యను నేర్చిరి. పత్రికలో ఒక సంగతి అర్ధాంతరముగా ఆగినచో, "ఇక్కడ ఏదో ఉన్నదయ్యా" అని బడిపంతులుగారు తల యూపెడివారట.

ఇక నాయనమ్మ చెప్పిన సంగతికి వత్తును.

1919 ఏప్రిల్ 13వ తేదీని, పంజాబువారి వైశాఖీ పండుగనాడు, అమృతసరమున జలియనువాలాబాగులో చేరిన జనులపై డయ్యరు సైనికులచేత కాల్పులు జరిపించెను. నాలుగు ప్రక్కల గోడలున్న తోట యది. బయటపడుటకు త్రోవ లిరుకు. సైనికులు కాల్చినవి 1,650 గుండ్లు. చనిపోయినవారు 379 మందియని ప్రభుత్వపు లెక్క; అంతకు రెండింతలకు మించియుందురని కాంగ్రెసువారి విచారణ. పంజాబున సైనికశాసనము విధించుటచేత వార్త బయటకు పొక్కలేదు. బొంబాయి క్రానికల్ సంపాదకుడగు హార్నిమను అను ఆంగ్లేయుడు మన పక్షమున వ్రాయుచుండగా, ఆతనిని ఆ నెలలోనే ఓడ యెక్కించి సీమకు పంపివేసిరి. దేశమునకు నిజము ముక్కలు ముక్కలుగా తెలిసెను. గాంధిమహాత్ముడు మొదలగువారు సభ్యులుగా కాంగ్రెసు నియమించిన సంఘము పంజాబునకు పోయి, వందలకొలది జనుల వాఙ్మూలములను సేకరించి, 1920 మార్చిలో తన నివేదికను ప్రకటించెను. ఆ వాఙ్మూలములు పత్రికల కెక్కెను.

ఆ వేసవిలో ఒకనాటి సాయంకాలము. అరుగుపై మామగారు చదువుచున్నారు. తలుపు వెనుక నాయనమ్మయు, ఆమె అత్తగారును, పొరుగింటి యాడువారు ఇద్దరును నిలిచియున్నారు. మామగారు అమృతసరమున ఒక స్త్రీ యిచ్చిన వాఙ్మూలమని మొదలుపెట్టి, రెండు పంక్తులు చదివి, ఆగిరి. గొంతు సవరించుకొనిరి. పుట త్రిప్పిరి. కాలువలకు నీరు వదలు తేదీలను చదువసాగిరి.

నడవలో నిశ్శబ్దమయ్యెను. నాయనమ్మ అత్తగారు పదిమందిలో భర్తను పలుకరించి యెరుగదు. ఆమె కంఠము వీథిలోనివారెవరును విననే లేదు. ఆమె తన కడగొట్టు కొడుకును, పదేండ్లవానిని, దగ్గరకు పిలిచి చెవిలో నేమో చెప్పెను. వాడు తలుపు దాటి అరుగెక్కి, బడిలో పాఠము అప్పగించునట్లు గట్టిగా, "అమ్మ అడగమంది. తరువాత ఏమున్నది?" అనెను.

కరణముగారు నవ్వి, "ఆడవాళ్లు వినేది కాదురా, వెళ్లు" అనిరి. వాడు లోపలికి వచ్చి, మరల వెళ్లి, "ఆడమనిషి చెప్పుకున్నదే గదా, ఆడవాళ్లు వినకపోతే ఎట్లా అంటోంది" అనెను.

ఈ మాటకు ఎవరును నవ్వలేదు. మామగారు కొంతసేపు లాంతరువైపు చూచి, పుట వెనుకకు త్రిప్పి, చదివిరి.

ఆ స్త్రీ పేరు రతనదేవి. కాల్పులు ఆగిన పిదప ఆమె భర్తను వెదకుచు ఆ తోటకు పోయి, కుప్పలుగా పడియున్న శవములలో ఆతని శవమును కనుగొనెను. ఇంటికి చేర్చుటకు మంచము దొరకలేదు. రాత్రి 8 గంటల తరువాత వీథిలో కనబడినవారిని కాల్తురను నిషేధ ముండుటచేత తోడు రాగలవారు లేకపోయిరి. ఆమె తెల్లవార్లు ఆ చీకటిలో భర్త శవము నొద్ద కూర్చుండెను. కుక్కలను తోలుటకు ఒక వెదురుకర్ర చేతబట్టుకొనెను. ప్రక్కన గాయపడి బాధపడుచున్న పండ్రెండేండ్ల బాలుడు తన్ను విడిచి పోవద్దని వేడుకొనెను. భర్తను విడిచి తానెక్కడికి పోదునని ఆమె చెప్పెను. వాడు నీళ్లడిగెను, అచ్చట నీళ్లు లేవు.

చదువుట ముగిసెను. తలుపు వెనుక నెవరును ఏడ్వలేదట. అత్తగారు లోపలికి పోయి, దేవుని గూటిలోని దీపమున నూనె పోసి, ఆ రాత్రియెల్ల దానిని కొండెక్కనీయక కూర్చుండెను. ఎవరికొరకని కోడలు అడుగలేదు. ఆమెయు చెప్పలేదు.

"ఆ రోజు దాకా నాకు దేశం అంటే మగవాళ్లు అరుగు మీద మాట్లాడుకునే మాట. ఆ రోజున దేశం అంటే ఒక మనిషి అయింది. కర్ర పట్టుకుని చీకట్లో కూర్చున్న మనిషి" అని నాయనమ్మ నాతో అనెను.

మరునాడు మధ్యాహ్నము అందరును నిద్రించువేళ ఆమె మరదిని పిలిచి, పత్రికను తెప్పించి, "ఆమె పేరు ఎక్కడున్నదో చూపించు" అని యడిగెను. వాడు వ్రేలు పెట్టి చూపెను. అచ్చులో ఆ పేరు ఎంత చిన్నదిగా నుండెనో యని ఆమెకు మొదట తోచినదట. ఆ పేరులోని యక్షరములే ఆమె నేర్చిన మొదటి యక్షరములు. వంటయింటి గచ్చుమీద బొగ్గుతో వ్రాసి తుడిచెడిది. అత్తగారు చూచి చూడనట్లుండి, కడకు ఒకనాడు, "చదువుకుంటే చదువుకో గాని, పప్పు మాడ్చకు" అని యనుజ్ఞ యిచ్చెను. ఏడాది తిరుగునప్పటికి కూడబలుకుకొని చదువ నేర్చినది.

అటుపిమ్మట తలుపు వెనుకనున్నవారికి అరుగుపై చదువుట ముగిసిన పిదప రెండవ పఠనము మొదలయ్యెను. మామగారు చదివి లోపల పెట్టిన పత్రికను మరునాటి మధ్యాహ్నము కోడలు పొరుగువారికి చదివి వినిపించెడిది. అరుగుపై దాటివేసినది నడవలో బయటపడెడిది. 1922లో రాజమహేంద్రవరము సీమలో దువ్వూరి సుబ్బమ్మగారు చెరసాలకు పోయిరను వార్తను ఆమె మూడు సారులు చదువవలసివచ్చెనట. ఆ యేడే మా యింటికి రాట్నము వచ్చెను.

స్త్రీలకొరకు పత్రికలు అంతకు ముందే యుండెను. కందుకూరి వీరేశలింగముగారి సతీహితబోధిని 1883లోనే వెలువడెను. హిందూసుందరి 1902లో, కృష్ణాపత్రిక పుట్టిన యేడే, పుట్టినది. కాని మా పల్లెకు అవి రాలేదు. 1928లో కేసరిగారు చెన్నపట్టణమున గృహలక్ష్మిని స్థాపించిన పిదప తాతగారు నాయనమ్మ పేర దానికి చందా కట్టిరి. తపాలా బంట్రోతు గుమ్మమున నిలిచి ఆమె పేరు పెట్టి పిలిచిననాడు, ఆ పేరు గలవారు ఈ యింట ఎవరాయని అత్తగారు ఒక్క క్షణము తబ్బిబ్బుపడెనట! ఆమెను అందరును కోడలనియు, అమ్మాయనియు, ఫలానివారి తల్లియనియు పిలిచెడివారే కాని పేరెవరికి కావలసెను? ఆ పైకాగితమును నాయనమ్మ చీరెల పెట్టెలో దాచుకొనెను, నేను చూచితిని.

విడువబడినవారు అడిగి తమ స్థానమును సంపాదించుకొనుట ఒక్క స్త్రీల కథయే కాదు. నైజాము రాజ్యమున సురవరము ప్రతాపరెడ్డిగారు 1926లో గోలకొండ పత్రికను స్థాపించిరి. తెలంగాణమున తెలుగు కవులు లేరని యొకరు వ్రాయగా, ఆయన వాదము పెంచక, 354 మంది కవుల రచనలను సేకరించి 1934లో గోలకొండ కవుల సంచికగా ప్రకటించిరి. లేరన్నచోట ఇందరున్నారని చూపుట కంటె మంచి సమాధాన మేమున్నది?

1930లో ఉప్పు సత్యాగ్రహము సాగుచుండగా ఏప్రిల్ నెలాఖరున పత్రికలపై మరల కఠినశాసనము వచ్చెను. గాంధిగారి యంగు ఇండియాను ముద్రించు అచ్చుకూటమును పట్టుకొనగా, ఆ పత్రికను యంత్రముపై నకళ్లు తీసి పంచిరి. ఆ దినములలో మా యూరికి పత్రిక రాని వారములును ఉండెనట. ఐనను అత్తగారు సాయంకాలము అరుగుపై లాంతరు పెట్టించెడిది. జనులు వచ్చెడివారు. పట్టణమునకు పోయివచ్చినవారు తాము విన్నది చెప్పెడివారు. "కాగితం ఆగిపోయింది గాని, అడగడం ఆగలేదు" అని నాయనమ్మ ఈ కథను ముగించెను.

తరువాత ఆమె చేతిలోనికి ప్రత్తి తీసికొని, "ఊ, ఇప్పుడు చదువు" అనెను.

నేను మొదటి పుట తీసి బొమ్డిలా వార్తను చదివితిని. నా గొంతు వణకెను. మన సేనలు వెనుకకు తగ్గినవని చదివినచోట ఆమె వ్రేళ్లు ఆగినవి. నేనును ఆగితిని. "చదువు" అనెను. వ్రేళ్లు మరల కదలినవి. కడపటి పంక్తి వరకు చదివితిని. తలయెత్తి చూతును గదా, వంటయింటి తలుపుచాటున మా యమ్మ చెంగు నోట గ్రుక్కుకొని నిలిచియుండెను. నాకు తిట్లు తప్పవనుకొంటిని. నాయనమ్మకు చూపు లేకున్నను అలికిడి తెలిసినది కాబోలు, "తలుపు చాటున ఎందుకమ్మా కోడలా? మరిది కోసం నీకు మాత్రం బెంగ లేదూ? రా, ఇట్లా వచ్చి కూర్చో. పిల్ల ఇంకోసారి చదువుతుంది" అనెను. అమ్మ వచ్చి కూర్చుండెను. నేను మరల మొదటినుండి చదివితిని. ఆ సాయంకాలము వత్తులు ఇద్దరును చేసిరి.

డిసెంబరులో బాబాయి యుత్తరము వచ్చెను. మంచులో కాలివ్రేళ్లు రెండు పోయినవి, ఆసుపత్రిలో నున్నాడు, ప్రాణభయము లేదు. నాయనమ్మ ఆ యుత్తరమును నాచేత చదివించుకొని, ముగిసిన పిదప, "ఏమీ దాటెయ్యలేదు గదా?" అని యడిగెను. లేదంటిని. అది నిజము. నా మాటను ఆమె నమ్మెను. ఆ నమ్మకము పోగొట్టుకొని మరల పొందినదానను గనుక దాని వెల నాకు తెలియును.

నాయనమ్మ 1971లో కాలము చేసెను. తరువాత నాలుగేండ్లకు, 1975 జూన్ 28వ తేదీని, ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక సంపాదకీయము ఉండవలసినచోట తెల్లకాగితమును విడిచి అచ్చు వేసెను. అప్పటి అత్యవసర పరిస్థితిలో పత్రికలపై ప్రభుత్వపు తనిఖీ యుండెను. పరుల యేలుబడి పోయినంతమాత్రమున వార్తలు దాటివేయుట పోదని నాడు తెలిసికొంటిని. నాయనమ్మ యున్నచో ఆ తెల్లని చోటును వ్రేలితో తడిమి చూచియుండునని తోచినది.

నేడు మన యిండ్లలో అరుగులు లేవు. చదువరాని కోడండ్రును అరుదు. వార్త చేతిలోని ఫోనులోనికే వచ్చుచున్నది. ఐనను మనము చూచినదేది, చూడనిదేది యని ఏర్పరచువారు వేరే యున్నారు. మన కిష్టమైనదే మనకు చూపుదురు. అప్రియమైనది తానే జారిపోవును. ఒక్కొక్కప్పుడు మా యమ్మవలె దయచేతనే దాటివేయుదురు. ఒక్కొక్కప్పుడు కరణముగారివలె, మీకెందుకని దాటివేయుదురు. వినువారికి రెండును ఒక్కటే. మిగిలిన సగము మనకు చేరదు.

సోదరీమణులారా! మీ యింట కన్ను మసకబారిన పెద్దలున్నచో వారికి పత్రిక చదివి వినిపింపుడు. ఏమియు దాచక చదువుడు. మీకు ఇంకెవరైన చదివి పెట్టునపుడు, చెప్పి పెట్టునపుడు, ముగిసినదని చేతులు దులుపుకొనుచున్నచో, పేరైనను నాకు తెలియని ఆ ముత్తవ్వవలె ఒక్కమాట అడుగుడు. పదిమందిలో అడుగ సిగ్గైనచో పిల్లవానిచేతనైనను అడిగింపుడు: తరువాత ఏమున్నది?